ఇంటి నేలమాళిగలో ధ్వనిముద్రణ మందిరము

మన స్త్రీల పాటలలో ననేకములు కంఠమునుండి కంఠమునకు నడచి వచ్చినవి. ఊయెల యొద్ద జోలపాట, పెండ్లిపందిటిలో మంగళహారతి, అప్పగింతల పాట, రోటి యొద్దను తిరుగలి యొద్దను అలుపు తెలియకుండ పాడుకొనిన పదములు - వీని మాటలను కొందఱు పుణ్యాత్ములు సేకరించి అచ్చువేసిరి. కాని మాట కాగితముపై నిలుచును గాని వరుస నిలువదు. పాడెడు ముసలమ్మ కన్నుమూసిన నాడు ఆ వరుసయు ఆమెతోనే పోవును. కంఠమును నిలుపుటకు ధ్వనిముద్రణ మొక్కటియే సాధనము.

ఒకప్పుడు ఆ సాధనము పెద్ద సంస్థల చేతిలో నుండెను. 1902వ సంవత్సరమున గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో ఒక హోటలు గదిని ముద్రణశాలగా మార్చి గౌహర్ జాన్ గానమును ముద్రించిరి. నాడు మైక్రోఫోను లేదు. గాయని బాకా వంటి పెద్ద గొట్టములోనికి గొంతెత్తి పాడవలసి యుండెను. విద్యుత్తుతో ముద్రించు పద్ధతి 1925లో గాని వాడుకలోనికి రాలేదు. నేడు మంచి మైక్రోఫోనును, దానిని కంప్యూటరుతో కలుపు చిన్న పెట్టెయు ఒక పట్టుచీర వెలకు దొరకుచున్నవి. కనుక కొఱత యంత్రమునకు కాదు, గదికే.

అమెరికాలో న్యూజెర్సీ, ఇల్లినాయి, మిషిగన్ వంటి చలిరాష్ట్రములలో కాపురమున్న మన తెలుగువారి యిండ్ల క్రింద తఱచుగా నేలమాళిగ యుండును, దానినే బేస్‌మెంటందురు. అచ్చట చలికాలమున నేల కొంతలోతు వఱకు గడ్డకట్టి, ఉబికి, పునాదులను కదల్చును. అందుచేత పునాదిని ఆ లోతునకు దిగువగా వేయుదురు. అంత త్రవ్విన చోటును మరల పూడ్చనేల యని గదిగా నుంచుకొందురు. టెక్సాసు వంటి వెచ్చని సీమలలో నిది యరుదు. సాధారణముగా ఆ మాళిగలో పాతసామానులును, బట్టలుతుకు యంత్రమును, పిల్లల ఆటవస్తువులును పడియుండును. సంగీతము నేర్పు తల్లులును, పురాణము చదివి స్వదేశమందలి మనుమలకు పంపగోరు అమ్మమ్మలును ఇప్పుడా చోటును ధ్వనిముద్రణ మందిరముగా మార్చుకొన నెంచుచున్నారు. కోరిక మంచిదే. కాని ముందు కాగితముపై గీచుకొనక పని మొదలిడినచో వేలకొలది డాలర్లు గోడలలో పూడిపోవును, చప్పుడు మాత్రము పోదు. ఆ నష్టము కలుగకుండుటకే ఈ వ్యాసము.

రెండు పనులు వేఱు

మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొక్కటి కలదు. బయటి సద్దు లోనికి రాకుండను, లోని సద్దు బయటికి పోకుండను గదిని కట్టుట ఒక పని. గదిలో పుట్టిన ధ్వని నిర్మలముగా వినబడునట్లు చేయుట మఱియొక పని. మొదటిది బరువుచేతను, ఎడముచేతను, బిగువుచేతను సిద్ధించును. రెండవది మెత్తదనముచేత సిద్ధించును. కుండకు చిల్లి మాన్పుట వేఱు, కుండలోని నీటిని తేర్చుట వేఱు. గోడలకు మెత్తని ఫోము అంటించినచో పొరుగువారికి చప్పుడు వినబడదని తలచుటయు, గోడ లావుగా నున్నచో పాట మధురముగా వినబడునని తలచుటయు ఒక్క తీరు పొరపాటులే. ఈ వివేకము లేక చెడిన గదులే యెక్కువ.

ఇందులో పూర్వుల యెఱుకయు మనకు తోడ్పడును. మన తార్కికులు శబ్దము ఆకాశము యొక్క గుణమని చెప్పి, అది వీచీతరంగ న్యాయమున వ్యాపించుననిరి. అనగా కొలనిలో పుట్టిన యల మఱియొక యలను పుట్టించుచు ఒడ్డు చేరునట్లు. నేటి శాస్త్రము ఆకాశమునకు బదులు గాలిని చెప్పినను, అల యను మాటను కాదనలేదు. సాధారణమైన వేడిమిలో ఆ యల సెకనుకు సుమారు 1,125 అడుగులు నడచును. భరతముని నాట్యశాస్త్రము రెండవ యధ్యాయమున, మనుష్యులకు 64 హస్తముల పొడవును 32 హస్తముల వెడల్పును గల నాట్యమండపము చాలుననియు, అంతకు మించినచో మాట స్పష్టముగా వినబడదనియు చెప్పెను. మండపము కొండగుహవలె నుండి, చిన్న గవాక్షములు గలిగి, గాలివిసరు లేనిదైనచో స్వరము గంభీరమగునని కూడ చెప్పెను. హస్తమనగా అడుగున్నర, కావున ఆ మండపము 96 అడుగుల పొడవు, 48 అడుగుల వెడల్పు గలది. మన నేలమాళిగయు గుహ వంటిదే. మూడువైపుల మన్నును, క్రింద భూమియు నుండుటచేత వీథిచప్పుడు దానిని తఱచుగా చేరదు. కాని యింత చిన్న గుహకు దాని చిక్కులు దానికి కలవు.

ముందు మాళిగను పరీక్షింపవలెను

పాట మాట తలపెట్టకముందు ప్రాణము మాట చూడవలెను. నేలలోనుండి రేడాన్ అను వాయువు కొన్నిచోట్ల పైకివచ్చి మాళిగలలో చేరును. దానికి రంగులేదు, వాసనలేదు. ఊపిరితిత్తుల రాచపుండునకు అమెరికాలో పొగత్రాగుట తరువాత ముఖ్యకారణ మిదియే. దానిని కొలుచు చిన్న పరికరము చవుకగా దొరకును. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు గాని అంతకు మించి గాని యున్నచో నేలక్రిందినుండి గొట్టము వేసి, పంకాతో ఆ వాయువును ఇంటిపైకి వెడలింపవలెనని ఆ దేశపు పర్యావరణశాఖ చెప్పుచున్నది. గోడలు మూసిన పిమ్మట ఈ పని చేయుట కష్టము. కావున ముందే చేయవలెను.

రెండవది తేమ. పదునెనిమిది అంగుళముల చదరపు ప్లాస్టిక్ పత్రమును సిమెంటు నేలపై పఱచి, నాలుగంచులను అంటుపట్టీతో బిగించి, కనీసము పదునాఱు గంటలుంచి యెత్తి చూడవలెను. అడుగున నీటిబొట్టులున్నను, సిమెంటు నల్లబడినను, తేమ యూరుచున్నదని యర్థము. అట్టి గదిలో మృదంగపు మూతలు వదలును, వీణమేళపు మైనము చెడును, గోడలోని దూది బూజుపట్టును. వాననీటిని ఇంటినుండి దూరముగా మళ్లించుటయు, తేమను పీల్చు యంత్రమును పెట్టుటయు ముందుగా జరుగవలెను.

మూడవది వెలుపలికి దారి. నిప్పంటుకొన్నప్పుడు మెట్ల దారి మూసికొనిపోవచ్చును. పిల్లలు చేరి పాడు గదికి రెండవ దారి యుండితీరవలెను. మనిషి దూరగల కిటికీకి కనీసము 5.7 చదరపుటడుగుల తెఱపి యుండవలెనని అచ్చటి గృహనిర్మాణ నియమావళి. చప్పుడు వచ్చునని ఆ కిటికీని ఇటుకలతో మూయించుట మహాపరాధము. దానికి బరువైన అద్దముగల రెండవ తలుపు లోపల పెట్టుకొని, చేతితో వెంటనే తెఱువ వీలుగా నుంచుకొనవలెను.

నాలుగవది ఇంటిని వెచ్చబరచు ఫర్నేసు. అది గాలిని పీల్చి మండును. దాని చప్పుడు వినలేక దానిని బిగువైన పెట్టెలో మూసినచో చాలిన గాలి లేక విషవాయువు పుట్టును. దానికి గాలి వేఱుగా ఏర్పఱచిన పిమ్మటనే గోడ కట్టవలెను; విషవాయువును కనిపెట్టి మ్రోగెడు గంటను కూడ ఉంచవలెను.

గది యెచ్చట, ఎంత కొలత

మాళిగ పటమును గళ్ల కాగితముపై అడుగునకొక గడిచొప్పున గీయుడు. ఫర్నేసు, వేడినీటి తొట్టి, బట్టల యంత్రము, ఊటనీరు తోడు పంపు ఉన్నచోట్ల ఎఱ్ఱసున్నలు చుట్టుడు. పైన వంటిల్లు, స్నానపుగది యెచ్చట నున్నవో, వాని నీటిగొట్టములు ఎచ్చట దిగుచున్నవో గుఱుతుపెట్టుడు. ఈ యెఱ్ఱసున్నలన్నిటికి దూరముగా, పైన ఎక్కువ నడకలేని గది క్రింద, రెండువైపుల మన్నుగోడలు గల మూలయే ఉత్తమస్థానము.

ఇక కొలతలు. చిన్నగదిలో ఎదురెదురు గోడల నడుమ ధ్వని పోవుచు వచ్చుచు కొన్ని స్వరములను మాత్రము ఉబ్బించును. వానిని కనుగొనుట సులభము. గోడల ఎడమును రెండింతలు చేసి దానిచేత 1,125ను భాగించిన, ఉబ్బెడు మొదటి స్వరమునకు సెకనుకు ఎన్ని కంపనములో తెలియును. దానికి రెండింతలు, మూడింతలు గల స్వరములు కూడ ఉబ్బును. మనకు తెలిసిన స్వరముతోనే ఉదాహరణము చెప్పెదను. 5 శ్రుతిలో పాడు స్త్రీకి ఆధారషడ్జము సుమారు 196 కంపనములు. ఆమె తంబురాలో మంద్రషడ్జపు తంత్రి 98. గది పొడవును వెడల్పును చెఱి పదునొకటిన్నర అడుగులే యనుకొందము. మొదటి యుబ్బు 49, రెండవది 98. రెండుదిక్కులను అదే లెక్క. అట్టి గదిలో ఆ తంత్రి ఒకచోట ఉఱిమినట్లు వినబడును, మూడడుగులు జరిగిన మాయమగును. తంబురా చెడిపోయినదని బిరడాలు త్రిప్పుటవలన ఫలములేదు; తప్పు గోడలది.

అందుచేత చదరపు గది పనికిరాదు. ఎత్తు, పొడవు, వెడల్పు మూడును సమానమైన గది అన్నిటికన్న అధమము. ఒకదానికొకటి రెండింతలైన కొలతలును కూడవు. 1965లో సెప్‌మెయరు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రమాణములలో నొకటి ఎత్తు 1, వెడల్పు 1.6, పొడవు 2.33. కప్పు బిగించిన పిమ్మట ఎత్తు ఏడున్నర అడుగులు మిగిలినచో వెడల్పు 12, పొడవు 17½ అడుగులగును. అప్పుడు మొదటి యుబ్బులు 75, 47, 32 కంపనముల యొద్ద విడివిడిగా పడును. ఏ స్వరమునకును మూడుదిక్కుల పోటు తగులదు. ఈ కొలతయే కుదరవలెనని పట్టుదల వలదు. మూడు కొలతలు ఒకదానితో నొకటి కలియకుండ చూచిన చాలును. అచ్చటి నియమావళి నివాసపు గదికి కనీసము 7 అడుగుల ఎత్తు కోరును గనుక కప్పు దింపునప్పుడు ఆ సంగతి మఱువరాదు.

మఱియొక హెచ్చరిక. పెద్ద ముద్రణశాలలను చూచి, పాడువారి కొక గది, ముద్రించువారి కొక గది యని చిన్నమాళిగను రెండుగా చీల్చుకొనువారు కలరు. నాలుగడుగుల చదరపు గూటిలో 140 కంపనముల యొద్ద రెండుదిక్కుల ఉబ్బు వచ్చును. మన గాయని మంద్రపంచమము 147. ఆమె క్రిందికి దిగినప్పుడెల్ల కుండలో పాడినట్లుండును. ఇరుకైన రెండు గదులకంటె సరియైన ఒక గది మేలు. ముద్రించునప్పుడు చెవిగొట్టములు, అనగా హెడ్‌ఫోనులు, పెట్టుకొన్నచో రెండవ గది యక్కఱయే లేదు.

సద్దు నాపుట

ధ్వని నాపుటకు మొదటి సాధనము బరువు. గోడ బరువు రెండింతలైనచో లెక్కప్రకారము 6 డెసిబెలులు తగ్గును. మన చెవికి చప్పుడు సగమైనట్లు తోచుటకు సుమారు 10 డెసిబెలులు తగ్గవలెను. కావున బరువొక్కదానినే నమ్ముకొన్నచో గోడ పెరుగుచునే పోవును.

అందుచేత రెండవ సాధనమైన ఎడమును ఆశ్రయింపవలెను. పాతగోడను తాకకుండ రెండు మూడంగుళముల దూరములో వేఱు కఱ్ఱచట్రము నిలిపి, నడుమ రాక్‌వూలు దూదిని వదులుగా నింపి, లోపలివైపున 5/8 అంగుళము మందముగల జిప్సం పలకలు రెండువరుసలు బిగించినచో, అది గదిలో గది యగును. రెండు పొరలు, వాని నడుమ ఒక్క ఎడము - ఇదియే సూత్రము. ఎడములో మూడవ పొరను దూర్చినచో ఎడము రెండుగా చీలి, మృదంగపు తొప్పి వంటి మంద్రధ్వనులకు గోడ మునుపటికంటె బలహీనమగును. కావున ముందే పలకలు కొట్టియున్న కప్పునకు క్రిందుగా మఱియొక కప్పును వ్రేలాడదీయరాదు. పాత పలకలను ఊడదీసి, దూలముల నడుమ పైయంతస్తు చెక్కకు అడుగున బరువు చేర్చి, ఆ పిమ్మట రబ్బరుకొక్కెములపై క్రొత్తకప్పు నమర్పవలెను.

మూడవ సాధనము బిగువు. ఇది చవుకయైనది, కాని దీనినే యెల్లరు మఱతురు. గోడలో నూటికొకవంతు తెఱపి యున్నచో, అది యెంత లావుగోడ యైనను 20 డెసిబెలులకు మించి ఆపజాలదు. తలుపు క్రింది సందు, విద్యుత్తు పెట్టె వెనుక చిల్లి, గొట్టము చుట్టు వదలిన ఎడము - ఇవియే దొంగదారులు. ప్రతి సందును గట్టిపడని మెత్తని లప్పముతో పూడ్పవలెను. తలుపు లోపల బోలుగా నుండక నిండుకఱ్ఱదై, నాలుగంచులను రబ్బరు పట్టీ గలిగి, మూసినప్పుడు పెట్టెమూతవలె పట్టవలెను.

పైనుండి వచ్చు అడుగుల చప్పుడు వేఱు జాతిది. అది గాలిలో పుట్టినది కాదు. చెక్కలోనే పుట్టి చెక్కలోనే దిగును. దానికి క్రిందనుండి చేయు వైద్యము ఖరీదైనది. పైగదిలో దళసరి తివాచీయు, దానిక్రింద మెత్తని పఱుపును వేయుట చవుకయైనది. మాళిగ నేలను మాత్రము ముట్టవలదు. భూమిమీద నేరుగా నున్న సిమెంటు నేలకంటె మంచి నేలను మనము కట్టలేము. దానిపై నొక కంబళి చాలును.

ఇంత బిగించిన గదిలోనికి గాలి యెట్లు వచ్చును? ఈ ప్రశ్న వేయక కట్టిన గదిలో గంటసేపటికి తల బరువెక్కును, గొంతు ఎండును. మంచి గాలి వచ్చుట కొక దారియు, చెడుగాలి పోవుట కొక దారియు వేఱువేఱుగా నుంచవలెను. గొట్టము వెడల్పుగా నుండి గాలి మెల్లగా నడచినచో చప్పుడుండదు. గొట్టమును రెండు మూడు వంపులు త్రిప్పి లోపల దూదిపొర వేసినచో గాలి పోవును, ధ్వని వంపులలో నశించును. పంకా గదిలో గాక దూరముగా నుండవలెను.

ధ్వనిని చక్కబఱచుట

ఇప్పుడు రెండవ పని. దీనికి శాస్త్రము చేసినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయమందలి వాలెస్ సబీను. 1895లో అచ్చటి ఫాగ్ చిత్రశాలలో క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలయందు మాట తెలియకుండెను. పలికిన మాట అయిదున్నర సెకనులు గదిలో తిరుగుచుండుటచేత మాటమీద మాట పడుచుండెను. దానిని బాగుచేయుమని యువకుడైన సబీనును నియోగించిరి. ఆతడు రాత్రివేళ, నగరమంతయు నిద్రించినప్పుడు, సాండర్సు నాటకశాలలోని కుర్చీదిండ్లను మోయించి తెచ్చి ఆ గదిలో పఱచి, ఆర్గను గొట్టము నూది, ధ్వని యెంతసేపటి కణగునో గడియారముతో కొలిచెను. తెల్లవాఱులోపల దిండ్లను తిరిగి యథాస్థానము చేర్చెను. ఎన్ని దిండ్లున్న ఎంతసేపు - ఈ లెక్కనుండియే ఆతని సూత్రము పుట్టెను. 1900లో తెఱచిన బోస్టను సింఫనీ మందిరము ఆ సూత్రమును బట్టి కట్టబడినది. పఱుపులు, దిండ్లు, బొంతలు శాస్త్రమునకు కొలబద్దలైనవన్నచో గృహిణులమైన మనకు సంతోషమే కదా.

ఆ సూత్రమును మన గదికి పట్టించి చూతము. ఏడున్నర, పండ్రెండు, పదునేడున్నర అడుగుల గది లోపలి పరిమాణము 1,575 ఘనపుటడుగులు. దీనిని 0.049 చేత గుణించిన 77. నేల, గోడలు, కప్పు కలిసి సుమారు 862 చదరపుటడుగులు. బోసిగోడలు ధ్వనిలో నూటికి అయిదువంతులు మ్రింగుననుకొన్నచో, మొత్తము మ్రింగుడు 43 చదరపుటడుగులకు సమానము. 77ను 43 చేత భాగించిన సుమారు 1.8 సెకనులు ధ్వని నిలుచును; ఇది స్నానపుగదిలో పాడినట్లు. పాటకును పఠనమునకును ఇంత చిన్నగదిలో 0.3 సెకను ప్రాంతము మంచిది. అందుకు మ్రింగుడు 257 కావలెను. అనగా ఇంకను 214 చదరపుటడుగుల మెత్తదనము చేర్పవలెను. కంబళి, సోఫా, మనుష్యులు కొంత మ్రింగుదురు గనుక, రెండడుగుల వెడల్పు నాలుగడుగుల పొడవు గల రాక్‌వూలు పలకలు ఇరువదింటితో పని జరుగును. చిన్నగదులలో ఈ సూత్రము సరిగా నిలువకున్నను అంచనాకు చాలును.

పలక మందము నాలుగంగుళములకు తగ్గరాదు. కారణము చెప్పెదను. గోడ నంటియున్న గాలి కదలదు. అలలో నాలుగవవంతు దూరమున గాలి అత్యధికముగా కదలును. కదలెడు గాలినే దూది పట్టుకొనగలదు. 100 కంపనముల స్వరమునకు అల పొడవు పదునొకటింబాతిక అడుగులు. నాలుగవవంతు సుమారు మూడడుగులు. అంగుళపు ఫోము దానినేమి చేయగలదు? అది స్వరములోని మెఱుపును మాత్రము మ్రింగి, మంద్రపు మ్రోతను వదలిపెట్టును. అప్పుడు పాట దుప్పటి క్రిందనుండి వచ్చినట్లుండును. కోడిగ్రుడ్ల అట్టపళ్లెములును ఈ లెక్కలోనివే. కావున దళసరి పలకలను గోడకు నాలుగంగుళముల ఎడముగా నిలుపవలెను. గది మూలలలో అన్ని మంద్రధ్వనులును కూడుకొనును గనుక అచ్చట నేలనుండి కప్పువఱకు ఇంకను దళసరిగా నింపవలెను. పలకలకు గాలిదూరు నూలుగుడ్డ తొడిగినచో కంటికి ఇంపు, నలుసులు రాలవు. పాతచీరలతో తొడుగులు కుట్టుకొన్నను తప్పులేదు. కాని దీపములకు, తీగలకు దూరముగా నుంచవలెను.

చవుకగా దొరకెడు సాధారణపు ఫోమును గోడలకు అంటింపవలదని చేతులు జోడించి చెప్పుచున్నాను. 2003 ఫిబ్రవరి 20వ తేదీని రోడ్ ఐలండు రాష్ట్రమున వెస్ట్ వార్విక్ అను ఊర ఒక సంగీతశాలలో వేదికచుట్టు సద్దు నాపుటకై అట్టి ఫోము అంటించియుండిరి. బాణసంచా నిప్పు దానికి తగిలి, కొన్ని నిమిషములలో మందిరమంతయు పొగనిండి, నూఱుగురు మరణించిరి. నేలమాళిగలో నట్టి ప్రమాదము తలచుటకే భయము. రాక్‌వూలు రాతినుండి తీసినది, అది మండదు.

మొదట ఏ గోడకు పలక పెట్టవలెనన్న సందేహము తీర్చుటకు చేతి అద్దము చాలును. వినువారు తమ చోట కూర్చుండవలెను. మఱియొకరు అద్దమును గోడవెంబడి జరపవలెను. అద్దములో స్పీకరు కనబడిన చోటనే దాని ధ్వని గోడను కొట్టి చెవికి వచ్చుచున్నది. అచ్చట పలక పెట్టవలెను. రెండు స్పీకరులును, వినువారి తలయు సమబాహుత్రిభుజముగా నుండి, ఎడమ కుడి గోడలు సమానదూరములో నుండవలెను. వినువారు గది నట్టనడుమ కూర్చుండరాదు. అచ్చట కొన్ని మంద్రస్వరములు పూర్తిగా మాయమగును. ముందుగోడనుండి గది పొడవులో నూటికి ముప్పదియెనిమిదివంతుల దూరమును మొదటి యంచనాగా పట్టి, అటునిటు జరుపుకొని చూడవలెను.

పాడువారు మూలకు వెన్ను పెట్టక, గోడకు మూడడుగులు విడిచి, పలకలవైపు వెన్నుంచి కూర్చుండవలెను. ఎదుటనే వినెడు మైక్రోఫోనైనచో దాని వెనుకవైపు చెవిటిది. ఆ చెవిటివైపును కంప్యూటరు పంకావైపు త్రిప్పవలెను. నోటికి ఒక జేనెడు దూరము, కొంచెము ప్రక్కగా నుంచినచో పకారభకారముల గాలి కొట్టదు.

మాళిగ లేనివారు

మన దేశమున నేలమాళిగలు అరుదు. అంతమాత్రమున నిరాశ వలదు. ధ్వనిని చక్కబఱచు రెండవ పని ఏ గదిలోనైనను చేయవచ్చును. పడకగదిలో బట్టల బీరువా తలుపులు తెఱచి, పాడువారి వెనుక దూదిపఱుపు నిలువుగా నిలిపి, ఇరుప్రక్కల బొంతలు వ్రేలాడదీసి, నేలపై జంపఖానా పఱచి, పంకా నాపి, తెల్లవాఱుజామున ముద్రించినచో ఫలితము చూచి ఆశ్చర్యపడుదురు. మొదటి పనికి, అనగా సద్దు నాపుటకు, ధనము లేనప్పుడు కాలమే గోడ. సబీనంతవాడు రాత్రివేళనే పనిచేసెను గదా.

మాళిగ గలవారును వ్యయమున ఈ క్రమమును పాటించుట మేలు: మొదట రేడాన్, తేమ, దారి, గాలి, పిమ్మట సందులు పూడ్చుటయు తలుపును, పిమ్మట మూలల దూదియు పలకలును, అటుపిమ్మట అక్కఱయున్నచో గదిలో గది, యంత్రములు కడపట. తఱచుగా జనులు దీనిని తలక్రిందులుగా చేయుదురు.

ఒక్కమాట మాత్రము మిగిలినది. 1967లో బాబ్ డిలన్ అను ప్రసిద్ధ గాయకుడు మిత్రులతో గూడి న్యూయార్కు రాష్ట్రమున వెస్ట్ సాగర్టీసు అను పల్లెలో ఒక యింటి మాళిగయందు పాటలు ముద్రించెను. అది సిమెంటు నేల, సిమెంటు గోడలు, ఇనుప ఫర్నేసు గల మామూలు మాళిగ. మనము పైన చెప్పిన లక్షణములలో పెక్కు దానికి లేవు. ఐనను 1975లో బయటికి వచ్చిన ఆ ముద్రణలను నేటికిని వినుచున్నారు. గది పాటను కాపాడును గాని పాటను పుట్టింపదు. కనుక మీ మందిరము పూర్తియగుటకు రెండేండ్లు పట్టినను పట్టవచ్చును. మీ యింట ఎనుబదియేండ్ల అమ్మమ్మ గాని నాయనమ్మ గాని యున్నచో ఆమె పాట అంతవఱకు ఆగనక్కఱలేదు. ఈ వారమే ఆమె వెనుక ఒక పఱుపు నిలిపి, గడియారమును ప్రక్కగదిలో పెట్టి, ఆమెకు తెలిసిన పాటలన్నియు పాడించుకొనుడు. గోడలు తరువాత కట్టుకొనవచ్చును.